వ్రేలికొనల చదువు

భారతము స్త్రీపర్వములోని ధృతరాష్ట్రుని కౌగిలి కథ ఎరుగని తెలుగువారు అరుదు. యుద్ధము ముగిసిన పిదప పాండవులు పెదతండ్రికి మ్రొక్కవచ్చిరి. శ్రీకృష్ణుడు భీముని వెనుకకు తీసి, ఇనుప ప్రతిమను ముందునకు త్రోసెను. అంధరాజు దానినే భీముడనుకొని నుగ్గునుగ్గు చేసెను. పౌరాణికులు ఈ ఘట్టమును క్రోధమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. ఇందు వేరొక సంగతియు కలదు. చూపున్నవాడు తాను ఎంచిన రూపమును చూపులేనివాని చేతికి అందించెను. ఆ చేయి మోసపోయెను.

మోసగించు తలంపు లేకయే, మేలు చేయు తలంపుతోనే, ఐరోపాలోని చూపున్నవారు అంధుల చేతికి చాలకాలము ఇట్టి ప్రతిమలనే అందించిరి. నేడు అంధులు కంప్యూటరును వ్రేలికొనలతో చదువుచున్నారు, వ్రాయుచున్నారు. ఆ విద్య పుట్టుక తెలియవలెనన్న రెండువందల యేండ్లకు పైగా వెనుకకు పోవలెను.

పారిస్ నగరమున వాలెంటిన్ అయూయి అను ఉదారుడు 1785 ప్రాంతమున అంధ బాలురకు పాఠశాల స్థాపించెను. దళసరి కాగితముపై పెద్ద పెద్ద అక్షరములను ఉబ్బెత్తుగా అచ్చువేయించి, పిల్లలచే తడవి చదివించెను. అక్షరములు మాత్రము కంటికొరకు పుట్టిన అక్షరములే. వంపులును, గీతలును, సున్నలును కంటికి క్షణములో తెలియును. వ్రేలు ఒక్కొక్క అక్షరము చుట్టును ప్రదక్షిణము చేసి రావలెను. వాక్యము చివరకు చేరునప్పటికి మొదలు మరపునకు వచ్చును. పుస్తకములు మోయలేని బరువు. అన్నిటికంటె పెద్ద లోపము, చదువనేర్చిన పిల్లవాడు ఒక్క మాటయైనను వ్రాయలేడు. వ్రాయలేని చదువు సగము చదువే కదా.

ఆ పాఠశాలకు 1819లో కూప్‌వ్రే గ్రామమునుండి పదేండ్ల బాలుడు వచ్చి చేరెను. అతడు లూయీ బ్రెయిల్. 1809 జనవరి 4న పుట్టెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడవయేట తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా, తోలు పొడుచు ఆరె కంటిలో గ్రుచ్చుకొనెను. పుండు రెండవ కంటికిని పాకి, ఐదవయేటికి చూపు పూర్తిగా పోయెను.

1821లో షార్ల్ బార్బియే అను సైనికోద్యోగి తాను కనిపెట్టిన చుక్కల వ్రాతను పాఠశాలకు తెచ్చెను. దీనికి రాత్రి వ్రాత అని పేరు. గీతకు బదులు చుక్క! ఉబ్బెత్తు చుక్క వ్రేలికి ముల్లువలె స్పష్టముగా తగులును. కాని ఒక గుర్తునకు పండ్రెండు చుక్కల వరకు పట్టుటచే వ్రేలు ఒక్క తాకుడులో దానిని అందుకొనలేదు. అదియును ధ్వనులను తెలుపునే గాని వర్ణక్రమమును తెలుపదు. బ్రెయిల్ ఆ చుక్కను గ్రహించి, లెక్కను సగమునకు దించెను. నిలువున మూడు, అడ్డమున రెండు, మొత్తము ఆరు చుక్కలు. గడి ఎత్తు వ్రేలికొనను మించలేదు. 1824లో ఈ పద్ధతిని రూపొందించునప్పటికి అతనికి పదునైదేండ్లు. 1829లో దానిని అచ్చున ప్రకటించెను.

ఈ లెక్క చదువరులకు క్రొత్త కాదు. ఒక్కొక్క చుక్క ఉండుట, లేకుండుట అను రెండు స్థితులే. ఆరింటికి ప్రస్తారము చేసినచో 64 రూపములు వచ్చును. గురులఘు ప్రస్తారము వేసినవారికి గాయత్రీ ఛందస్సున పాదమునకు ఆరక్షరములకు 64 వృత్తములు వచ్చుట తెలిసినదే. వట్టి గడిని తీసివేయగా బ్రెయిల్ చేతికి 63 గుర్తులు మిగిలెను. మొదటి పది అక్షరములను పై నాలుగు చుక్కలతోనే కూర్చి, తరువాతి పదింటికి క్రింది చుక్క నొకటి చేర్చెను. ఆ మొదటి పది అక్షరములకే ముందొక గుర్తు పెట్టినచో అంకెలగును. మన కటపయాది సంఖ్యలో అక్షరములు అంకెలగుట ఎరిగినవారికి ఇది ముచ్చట గొల్పును. కంప్యూటరు సైతము ఉన్నది, లేదు అను రెండు స్థితులతోనే సర్వమును గణించును. కావున కాలాంతరమున ఆ యంత్రమునకును ఈ లిపికిని సులభముగా పొత్తు కుదిరెను.

వ్రాయుటకు పలక, చిన్న గంటము చాలును. తాటియాకుపై గంటముతో చెక్కినట్లే కాగితముపై చుక్కలు పొడువవలెను. పొడిచిన చుక్క ఆవలి ప్రక్కకు ఉబ్బును గనుక కుడినుండి ఎడమకు వ్రాసి, కాగితము త్రిప్పి ఎడమనుండి కుడికి చదువుదురు. కన్ను పోగొట్టిన ఆరెకును అక్షరమిచ్చిన గంటమునకును ఆకారమున పెద్ద భేదము లేదు.

ఇంతటి విద్యను పెద్దలు వెంటనే నెత్తిన పెట్టుకొనిరా? లేదు. 1840 తరువాత పాఠశాల కొత్త అధికారి చుక్కలను నిషేధించి, పాత పుస్తకములను తగులబెట్టించెనని చరిత్రకారులు వ్రాసిరి. చూపున్న గురువులకు చదువరాని లిపి పిల్లలకేల అని వారి వాదము. పిల్లలు మాత్రము చాటుగా దానిలోనే వ్రాసికొనుచుండిరి. 1844లో నూతన భవన ప్రారంభ సభలో విద్యార్థులు ఆ లిపి శక్తిని ఎల్లర ఎదుట చూపిరి. బ్రెయిల్ 1852 జనవరి 6న క్షయతో మరణించెను. ఫ్రాన్సు దానిని అధికారికముగా అంగీకరించినది మరి రెండేండ్లకు. 1952లో అతని అస్థికలను పారిస్‌లోని మహాపురుషుల సమాధి మందిరమునకు తరలించిరి. చేతులను మాత్రము కూప్‌వ్రే వారు విడువలేదు. అవి ఆ గ్రామముననే యున్నవి.

భారతదేశమున ప్రాంతమున కొక తీరుగా పలు చుక్కల లిపులు వాడుకలో నుండెను. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ తోడ్పాటుతో 1951లో భారతి బ్రెయిలీ కుదిరెను. తెలుగు క, హిందీ క, తమిళ క, అన్నిటికి ఒకే గుర్తు. ఆంగ్లములోని కె యను అక్షరపు గుర్తును అదే. గుణింతములకు వేరు గుర్తులు లేవు. కి అని వ్రాయుటకు క పిదప ఇ వచ్చును. వత్తులు క్రిందికి దిగవు. పొల్లును తెలుపు చుక్క ముందు వచ్చి హల్లులు వరుసగా నడచును. శ, ష, స లకు మూడు వేర్వేరు గుర్తులు కలవు. ఈ చివరి మాట జ్ఞాపకముంచుకొనవలెను, ముందు దీనితో పని యున్నది. దేహరాదూనులో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయమును 1951లోనే వెలసెను.

ఇక యంత్రముల సంగతి. అమెరికాలో ఫ్రాంక్ హాల్ అను ఉపాధ్యాయుడు 1892లో ఆరు మీటల వ్రాతయంత్రమును చేసెను. ఎన్ని చుక్కలు కావలెనో అన్ని మీటలను ఒక్కసారిగా నొక్కవలెను. ఎడమచేతి మూడు వ్రేళ్లు, కుడిచేతి మూడు వ్రేళ్లు. ఈ పద్ధతి తరువాతి యంత్రము లన్నిటికి తాత.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ లిన్విల్ కుమార్తె చిన్ననాటనే చూపు కోల్పోయినది. బిడ్డకొరకు ఆయన, జేమ్స్ బ్లిస్ అను సహచరునితో కలసి ఆప్టకాన్ అను యంత్రమును నిర్మించెను. 1971లో అది విక్రయమునకు వచ్చెను. కుడిచేతితో చిన్న కెమెరాను అచ్చుకాగితముపై నడపగా, ఎడమచేతి చూపుడు వ్రేలి క్రింద 144 సూదులు ఆ అక్షరపు ఆకారమున అదరును. మరల అయూయి మార్గమే. కంటి అక్షరమును వ్రేలికి అందించుట. ఎక్కువమంది నిమిషమునకు కొన్ని పదుల మాటలకు మించి చదువలేకపోయిరి. ఐనను న్యాయము చెప్పవలెనన్న, తనకు వచ్చిన ఉత్తరమును, కొట్టువాడిచ్చిన రసీదును పరుల సాయము లేక చదువుకొను భాగ్యము ఆ యంత్రమే తొలుత కలిగించినది. తండ్రి ప్రేమ వ్యర్థము కాలేదు. ఆ కుమార్తె అదే విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందినది. 1996లో ఆ యంత్రముల తయారీ నిలిచిపోయెను.

బ్రెయిల్ చుక్కలనే యంత్రముపై లేపు ఉపాయము వేరొక దారిని వచ్చెను. 1880లో ఫ్రాన్సు దేశపు జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టుననియు, మరుసటి యేడు విద్యుత్తు పారించినచో అవి ఆకారము మారుననియు చూపిరి. అట్టి పదార్థపు సన్నని బద్ద వంగి, పైనున్న సూదిని లేపును. విద్యుత్తు ఆగినచో సూది దిగును. ఇట్టి గడులను వరుసగా పేర్చినదే బ్రెయిలీ పలక. 1970ల చివరికి 20 గడులతో క్యాసెట్టు టేపుపై వ్రాతను దాచుకొను యంత్రములు వచ్చెను. కంప్యూటరు తెరపై వ్రాత చూపులేనివాని వ్రేలి క్రింద చుక్కలై లేచును. మీట నొక్కగానే ఆ పంక్తి అణగి తరువాతి పంక్తి లేచును. ప్రతి గడికి పైన చిన్న మీట యుండును. తప్పు దొరలిన చోట దానిని నొక్కినచో వ్రాత అచటనే దిద్దుకొనవచ్చును. కంప్యూటరు గుర్తులు ఎక్కువ గనుక ఈ పలకలలో గడికి ఎనిమిది చుక్కలు. అనగా 256 రూపములు.

కంప్యూటరు మాటలాడుచుండగా చుక్కలతో పనియేమి అని కొందరందురు. నిజమే, తెరను చదివి వినిపించు కార్యక్రమములు కలవు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అను ఇద్దరు అంధులు 2006లో మొదలిడిన ఎన్.వి.డి.ఎ. అను కార్యక్రమమును ఎవరైనను వెల లేక పొందవచ్చును. అది పలుకుటయే గాక బ్రెయిలీ పలకనుకూడ నడుపును. కాని విని చదువుట వేరు, తాకి చదువుట వేరు. విషము, విశము అనునవి పలికినచో మనలో ఎందరి నోట భేదము తెలియును? ళ, ల ల సంగతియు అట్టిదే. వినుటతోనే పెరిగిన బాలుడు కథ చెప్పగలడు గాని తప్పు లేకుండ అర్జీ వ్రాయజాలడు. తాళపత్రములు లేకయే వేదములు నిలిచెనని ప్రతివాదము చేయవచ్చును. పదపాఠము, క్రమపాఠము, జటాపాఠము వంటి కఠిన శిక్షణ నేటి బాలునికి ఎవరు నేర్పుదురు?

ఇంతలో 2007లో మీటలు లేని సెల్‌ఫోను వచ్చి పడెను. పలకంతయు నునుపైన గాజు. పాత ఫోనులో ఐదవ అంకెపై చిన్న గుబ్బ యుండెడిది. దాని ఆధారమున చూపులేనివాడు తక్కిన అంకెలను కనుగొనుచుండెను. గాజుపై వ్రేలికి గట్టు లేదు, మెట్ట లేదు. వ్రేలు తాకినంతనే ఏదో ఒకటి తెరచుకొనును. తాకుటయే ఆధారమైనవానికి తాకరాని వస్తువు!

దీనికి పరిష్కారము వెదకినవారిలో పుణెలో పెరిగిన టి. వి. రామన్ ఒకరు. పదునాలుగవయేట చూపు పోయినను బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున 1994లో డాక్టరు పట్టము పొంది, పిమ్మట గూగుల్ సంస్థలో పనిచేసెను. ఐదవ అంకె ఎచట నున్నదో వెదకనేల? వ్రేలు మొదట ఎచట ఆనునో అదియే ఐదు. అటనుండి పైకి జరిపినచో రెండు, క్రిందికి జరిపినచో ఎనిమిది. చార్లెస్ చెన్ అను సహచరునితో కలసి 2009 నాటికి ఆయన చేసిన ఏర్పాటు ఇది. గాజు ఇవ్వని గట్టును వ్రేలే తన వెంట తెచ్చుకొన్నది. చూపున్నవాడు ఎన్ని రాత్రులు ఆలోచించినను ఈ ఊహ తట్టుట కష్టము.

ఆ యేడే ఐఫోనులో వాయిస్‌ఓవర్ వచ్చెను. వ్రేలు జరుపుకొలది క్రిందనున్నదేమో ఫోను పలుకును. రెండుమారులు తట్టిననే తెరచుకొనును. 2014లో అందులో గాజుపైననే బ్రెయిలీ వ్రాయు వీలు కలిగినది. ఫోను తెరను ఆవలికి త్రిప్పి పట్టి, రెండు ప్రక్కల మూడేసి వ్రేళ్లు ఆన్చి, కావలసిన చుక్కలను ఒక్కసారి తట్టుదురు. 1892 నాటి హాల్ మీటలు, 1824 నాటి బ్రెయిల్ చుక్కలు, రెండును గాజుపై కలిసెను.

వెల మాత్రము ఇంకను కంటకమే. 40 గడుల పలక వెల సామాన్య కంప్యూటరు వెలకు పలురెట్లు. దీనిని తగ్గించుటకు పలు ప్రయత్నములు జరిగినవి, ఢిల్లీ ఐ.ఐ.టి. వారు 2019లో డాట్‌బుక్ అను బ్రెయిలీ కంప్యూటరును తెచ్చిరి. పుస్తకముల కొరత వేరు. అంధులకొరకు గ్రంథములను వేరు రూపమున ప్రతులు తీయుటకు గ్రంథస్వామ్యము అడ్డు రాకుండ 2013లో మర్రకేష్ ఒడంబడిక జరిగినది. దానిని అన్ని దేశములకంటె ముందు, 2014లో, ధ్రువపరచినది భారతదేశము. 2016లో సుగమ్య పుస్తకాలయమను అంతర్జాల గ్రంథాలయము తెరవబడెను. మూడు దశాబ్దముల క్రిందట పుస్తకము లెక్కకు బండిమీద రావలసినది; నేడది పలక చేరుట నిమిషముల పని.

ఒక్క పంక్తి పలకపై కథ చదువవచ్చును, పద్యము చదువవచ్చును. జమాఖర్చు పట్టిక చదువుట కష్టము. పద్దు ఒకచోట, పైకము వేరొకచోట. నిలువు వరుస వ్రేలికి అందదు. త్రికోణము గీయుట అసలే లేదు. అమెరికాలోని అంధుల ముద్రణాలయమువారు మరికొన్ని సంస్థలతో కలసి చేయించిన మోనార్క్ అను పలక 2024లో వాడుకకు వచ్చెను. దానిపై పది పంక్తులు, పంక్తికి 32 గడులు, మొత్తము 3,840 సూదులు. అవి పంక్తులుగా లేచినచో వ్రాత. ఏటవాలుగా లేచినచో త్రికోణపు భుజము. చూపులేని బాలిక అంకెల నిలువు వరుసను పైనుండి క్రిందికి వ్రేలితో దించుకొనుచు, మొత్తము కడ ఆగి, తప్పు పడిన చోటికి మరల పైకి పోవచ్చును.