సూరత్‌లో మానసిక ఆరోగ్య సేవలు: పగ్గాలు ఎవరి చేతిలో?

బతుకుదెరువు కోసం తెలంగాణ నుంచి సూరత్ వెళ్లి మరమగ్గాల మీద పనిచేస్తున్న పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో తరాలుగా ఉంటున్నాయి. ఆ ఇళ్లలో ఒకరికి రాత్రికి రాత్రే మతి చలిస్తే, లేదా ఎవరైనా ప్రాణం తీసుకోబోతే ఎక్కడికి తీసుకెళ్లాలి? అక్కడ వైద్యం అందకపోతే ఎవరిని అడగాలి? రెండో ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు తక్కువ.

ఒకే ఊరు, మూడు దారులు

గుజరాత్‌లో ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు నాలుగు. అవి అహ్మదాబాద్, వడోదర, జామ్‌నగర్, భుజ్‌లలో ఉన్నాయి. సూరత్‌లో లేదు. అందువల్ల ఇక్కడ భారమంతా సాధారణ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల మీదే పడుతుంది.

మొదటిది న్యూ సివిల్ హాస్పిటల్. ఇది ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధం, రాష్ట్ర ఆరోగ్య శాఖ కింద నడుస్తుంది. రెండోది స్మిమెర్. ఇది సూరత్ నగరపాలక సంస్థది, పరిపాలన మున్సిపల్ కమిషనర్ వైపు నుంచి సాగుతుంది. మూడోది జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. 1982లో మొదలైన జాతీయ కార్యక్రమంలో భాగంగా 1996లో బళ్లారి నమూనాతో దీన్ని దేశంలో ప్రారంభించారు. మూడింటికీ నిధులు వచ్చే దారి, పై అధికారి వేరు. రోగి మాత్రం ఒక్కడే. ఒకచోట చేరి, మరోచోట మందులు తెచ్చుకుని, మూడోచోట తిరిగి చూపించుకోవాల్సి వస్తే, ఆ మధ్య ఖాళీకి ఎవరూ జవాబుదారీ కారు.

చట్టం ఎవరిని బాధ్యుల్ని చేసింది?

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ బాధ్యతలను పంచింది. ప్రతి రాష్ట్రంలో మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఉండాలి. ఆరోగ్య శాఖ కార్యదర్శి లేదా ముఖ్య కార్యదర్శి దానికి అధ్యక్షుడు. దైనందిన వ్యవహారాలకు ఉప కార్యదర్శి స్థాయికి తగ్గని ముఖ్య కార్యనిర్వహణాధికారి ఉంటారు. మానసిక ఆరోగ్య సంస్థల నమోదు, తనిఖీలు, ఫిర్యాదులు దీని పరిధిలోవే.

రోగి హక్కుల విషయంలో ఆసుపత్రి నిర్ణయాన్ని ప్రశ్నించే చోటు సమీక్షా బోర్డు. జిల్లా జడ్జి లేదా ఆ అర్హత గల న్యాయాధికారి, లేకుంటే విశ్రాంత జిల్లా జడ్జి దీనికి అధ్యక్షులు. కలెక్టర్ ప్రతినిధి, ఒక మానసిక వైద్యుడు, మరో వైద్యుడు, రోగులు లేదా సంరక్షకులు లేదా స్వచ్ఛంద సంస్థల తరఫున ఇద్దరు సభ్యులుగా ఉంటారు. వైద్యుడి మాటే చివరి మాట కాకూడదన్నది దీని ఉద్దేశం.

సంక్షోభ వేళ

చికిత్స ఆలస్యమైతే ప్రాణానికో, ఇతరులకో ముప్పు ఉందనిపిస్తే ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా అత్యవసర చికిత్స మొదలుపెట్టవచ్చు. నామినీ ఉంటే వారి సమ్మతి తీసుకోవాలి. దీని గడువు 72 గంటలు. సొంతంగా నిర్ణయం తీసుకోలేని వ్యక్తిని నామినీ విజ్ఞప్తిపై చేర్చుకుంటే మొదటి గడువు 30 రోజులు.

దిక్కుతోచక వీధిలో తిరుగుతున్న వ్యక్తిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోగా సమీప ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో ఉంచకూడదు.

ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని సెక్షన్ 115 చెబుతోంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో చేసిన ప్రయత్నాన్ని మాత్రం నేరంగా ఉంచారు. కేసు భయంతో ఆసుపత్రికి రాకుండా ఆగేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

లోపం ఎక్కడ?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే గుజరాత్‌తో సహా 12 రాష్ట్రాల్లో జరిగింది. పెద్దల్లో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అది తేల్చింది. వజ్రాల పరిశ్రమ మందగించినప్పుడు 2024లో సూరత్‌లో కార్మిక సంఘమే హెల్ప్‌లైన్ పెట్టాల్సి వచ్చింది. పని పోయిన మనిషి ముందుగా పిలిచేది ప్రభుత్వాన్ని కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చట్టంలో ఒక ముఖ్యమైన హామీ ఉంది. జిల్లాలో కనీస సేవలు ప్రభుత్వం ఇవ్వలేకపోతే, అదే జిల్లాలో మరోచోట చికిత్స పొందవచ్చు. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. అయితే ఎవరికి దరఖాస్తు పెట్టాలో చెప్పే బోర్డు ప్రతి ఆసుపత్రి గోడ మీద, గుజరాతీతోపాటు వలస కార్మికుల భాషల్లోనూ ఉండాలి. నాయకత్వాన్ని కొలవడానికి అది మంచి మొదటి పరీక్ష.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. తెలుగుతో సహా 20 భాషల్లో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉంటే మాత్రం ముందు 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.