గాలిలో పోస్టాఫీసు: హామ్ రేడియో గేట్‌వేల కథ

సర్వీసులో సిగ్నల్స్ వైపు పనిచేసినవారికి మెసేజ్ సెంటర్ సంగతి చెప్పనక్కరలేదు. అందుకోవలసిన మనిషి ఆ క్షణాన సెట్ దగ్గర లేకపోయినా సందేశం ఆగకూడదు. మధ్యలో ఒకరు తీసుకుని, భద్రపరచి, వీలు చూసి ముందుకు పంపాలి. హామ్ రేడియో ఔత్సాహికులు ఇదే పనిని జీతం బత్తెం లేకుండా కంప్యూటరుకు నేర్పారు. నాకు ఆ చరిత్ర అంటే మహా ఇష్టం.

1978 మే 31న కెనడాలోని మాంట్రియల్ హామ్‌లు తొలి ప్యాకెట్ ప్రసారం చేశారు. అమెరికా హామ్‌లకు అనుమతి దొరికేసరికి 1980 వచ్చింది (సర్కారు కాగితం ఎక్కడైనా నింపాదిగానే కదులుతుంది!). తర్వాత టక్సన్ నగరంలోని టాపర్ సంఘం టి.ఎన్.సి. అనే చిన్న పెట్టెను కిట్‌గా అందించింది. కంప్యూటరులో టైపు చేసినదాన్ని అది ముక్కలు చేసి, 1200, 2200 హెర్ట్‌జ్ స్వరాలుగా మార్చి మామూలు వి.హెచ్.ఎఫ్. సెట్‌కు ఇచ్చేది. 1984 నాటి ఏఎక్స్.25 పద్ధతి ప్రకారం ప్రతి ముక్క మీదా ఇద్దరి కాల్‌సైన్లూ ఉంటాయి. ముక్క చెడిందా, అవతలి నుంచి రసీదు రాదు, ఇవతలి స్టేషన్ మళ్ళీ పంపుతుంది. మన "సే ఎగైన్" లాంటిదే, గొంతు మాత్రం బొంగురుపోదు.

అయితే వి.హెచ్.ఎఫ్. అందే దూరం తక్కువ. ఆ లోటు తీర్చినవే గేట్‌వేలు. ఒక చెవి రేడియో మీద, మరో చెవి ఇంటర్నెట్ మీద పెట్టుకున్న స్టేషన్లు. ఫిల్ కార్న్ అనే హామ్ 1980లలో రాసిన ప్రోగ్రామ్‌తో ఇంటర్నెట్ భాష రేడియోలోకి వచ్చింది. ఆ తర్వాత విన్‌లింక్ హెచ్.ఎఫ్. మీద కూడా ఈమెయిల్ నడిపింది. నడిసముద్రంలో పడవ మీదున్నవాడు కూడా ఎక్కడో ఒడ్డునున్న గేట్‌వేను పట్టుకుని ఇంటికి ఉత్తరం పంపగలిగాడు. అసలు కిటుకు ఇక్కడే ఉంది: ఆపద జరిగినచోట తీగలన్నీ తెగినా ఫరవాలేదు, గేట్‌వే ఉన్నచోట తెగకుండా ఉంటే చాలు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ మనవాళ్ళు మరచిపోలేరు. కార్ నికోబార్ వైమానిక స్థావరంలో సిబ్బంది, కుటుంబాలవారు కలిపి వందకు పైగా పోయారు. అప్పటికే హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. హామ్ సంభాషణల కోసం వెళ్ళినవారు కాస్తా, బతికున్నవారి క్షేమ సమాచారం బయటకు చేరవేసే పనిలో దిగారు. అదంతా ప్రధానంగా నోటిమాటగా సాగింది. హోరులో ఒక్కొక్క పేరూ అక్షరం అక్షరంగా పలికి రాయించడమంటే ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. పేర్ల జాబితా పొడుగైతే గేట్‌వే విలువ తెలిసొస్తుంది. ఊరట కలిగించే గొంతు మాత్రం దానికి లేదు, అదీ నిజమే.

ఇక మన శిక్షణకు మింగుడుపడని విషయం ఒకటుంది. సైన్యంలో సైఫర్ ప్రాణరక్షణ. హామ్ రేడియోలో మాత్రం అర్థం దాచేలా పంపడం అంతర్జాతీయ నిబంధనలకు విరుద్ధం. విన్‌లింక్ సందేశాలు కుదించి వెళ్తాయి కాబట్టి పక్కనుండి వినే హామ్‌కు అర్థం కావడం లేదని 2019లో అమెరికా ఎఫ్.సి.సి. ముందు పెద్ద వాదనే నడిచింది. రేడియో మీద వెళ్ళిన సందేశాలను ఇతర హామ్‌లు చదివి చూసుకునే ఏర్పాటు విన్‌లింక్ వాళ్ళు చేశారు. నా ఓటు బహిరంగానికే. అందరి సొత్తయిన ఫ్రీక్వెన్సీని ఉచితంగా వాడుకుంటూ తలుపులేసుకుంటే కుదరదు. కాకపోతే ఒక జవాను మరణవార్త ఇంటికి చేరకముందే పదిమంది చదవగలగడం మాత్రం మనసుకు ఎక్కడో గుచ్చుకుంటుంది.