పవన విద్యుత్తు ఉత్పత్తి పన్ను రాయితీ (అమెరికా)

పవన విద్యుత్తు ఉత్పత్తి పన్ను రాయితీ అనేది గాలిమరల ద్వారా విద్యుత్తును ఉత్పత్తి చేసే సంస్థలకు అమెరికా సంయుక్త రాష్ట్రాల ఫెడరల్ ప్రభుత్వం 1992లో ప్రవేశపెట్టిన ఆదాయపు పన్ను రాయితీ. అమెరికాలో దీనిని ప్రొడక్షన్ టాక్స్ క్రెడిట్ అని పిలుస్తారు. ఆ దేశంలో పవన విద్యుత్తు విస్తరణకు ఇది ప్రధాన కారణాలలో ఒకటి. అయితే ఈ రాయితీకి గడువు ముగియడం, మళ్ళీ పొడిగించబడడం పలుమార్లు జరిగింది. దీనివలన గాలిమరల పరిశ్రమలో ఉద్యోగాలు ఒక ఏడాది పెరిగి మరుసటి ఏడాది పడిపోయే పరిస్థితి ఏర్పడింది. పన్ను ప్రోత్సాహకాలకు, ఉపాధికి మధ్య గల సంబంధాన్ని చర్చించేటప్పుడు ఆర్థికవేత్తలు తరచుగా ఈ ఉదాహరణను పేర్కొంటారు.

పనిచేసే విధానం

ఈ రాయితీ గాలిమర ధరపై కాక, అది ఉత్పత్తి చేసి విక్రయించిన విద్యుత్తుపై లెక్కించబడుతుంది. 1992 చట్టం ప్రకారం ఒక్కొక్క కిలోవాట్-గంటకు, అనగా ఒక యూనిట్‌కు, 1.5 సెంట్ల చొప్పున రాయితీ లభించేది. ద్రవ్యోల్బణాన్ని అనుసరించి ఈ మొత్తాన్ని సవరిస్తారు. 2013 నాటికి ఇది 2.3 సెంట్లకు చేరింది. గాలిమర పని ప్రారంభించిన నాటి నుండి పది సంవత్సరాల వరకు రాయితీ వర్తిస్తుంది. ఇది పన్ను విధించదగిన ఆదాయం నుండి కాక, చెల్లించవలసిన పన్ను నుండే నేరుగా తగ్గించబడుతుంది.

పవన క్షేత్రాలను నిర్మించే సంస్థలలో అనేకం మొదటి సంవత్సరాలలో పెద్దగా లాభాలు ఆర్జించవు. పన్నే లేనప్పుడు పన్ను రాయితీ వలన ప్రయోజనం ఉండదు. అందువలన ఇవి అధిక పన్ను చెల్లించే బ్యాంకులను భాగస్వాములుగా చేర్చుకొని, రాయితీని వాటికి దక్కేలా చేసి, అందుకు బదులుగా పెట్టుబడిని పొందుతూ వచ్చాయి. 2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకుల లాభాలు పడిపోవడంతో ఈ మార్గం దాదాపు మూసుకుపోయింది. దీనికి పరిష్కారంగా 2009 ఫిబ్రవరిలో చేసిన చట్టం ద్వారా, రాయితీకి బదులు ప్రాజెక్టు వ్యయంలో 30 శాతాన్ని నగదు రూపంలో పొందే వీలు తాత్కాలికంగా కల్పించబడింది.

నేపథ్యం

1980ల ఆరంభంలో ఫెడరల్ ప్రభుత్వం, కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం కలిసి గాలిమరల పెట్టుబడిపై భారీ రాయితీలను ఇచ్చాయి. రెండూ కలిపి పెట్టుబడిలో దాదాపు సగం వరకు ఉండేవి. దీనితో ఆల్టమాంట్ కనుమ, టెహచాపి, శాన్ గోర్గోనియో ప్రాంతాలలో వేలాది గాలిమరలు వెలిశాయి. రాయితీ పెట్టుబడిపై ఆధారపడి ఉన్నందున, సరిగా తిరగని యంత్రాలకు కూడా పన్ను ప్రయోజనం లభించింది. 1985 చివరిలో ఈ రాయితీలు ముగియగానే కొనుగోళ్ళు కుప్పకూలాయి. దీని ప్రభావం డెన్మార్క్ వరకు పాకింది. కాలిఫోర్నియా మార్కెట్‌పై ఆధారపడిన వెస్టాస్ సంస్థ 1986లో చెల్లింపులను నిలిపివేసింది. 1987లో పవన విభాగాన్ని మాత్రమే విడదీసి సుమారు 60 మంది ఉద్యోగులతో కొత్త సంస్థగా తిరిగి ఆరంభించవలసి వచ్చింది.

ఈ అనుభవం వలన, యంత్రాన్ని నిలబెట్టినందుకు కాక విద్యుత్తును ఉత్పత్తి చేసినందుకే రాయితీ ఇవ్వాలనే అభిప్రాయం బలపడింది. 1992 అక్టోబరు 24న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ సంతకం చేసిన ఇంధన విధాన చట్టంలో ఉత్పత్తి పన్ను రాయితీ చేర్చబడింది. అయోవా రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ సెనేటర్ చక్ గ్రాస్లీ దీని ప్రధాన ప్రతిపాదకుడు.

గడువులు - పొడిగింపులు

మొదటి గడువు 1999 జూన్ 30తో ముగిసింది. ఆ తరువాత కాంగ్రెసు ఎక్కువగా ఒకటి రెండు సంవత్సరాల చొప్పున పొడిగిస్తూ వచ్చింది. 1999, 2001, 2003 సంవత్సరాలలో గడువు ముగిసి, కొన్ని నెలల తరువాతనే పొడిగింపు లభించింది. అమెరికా పవన విద్యుత్తు సంఘం లెక్కల ప్రకారం గడువు ముగిసిన మరుసటి ఏడాదులలో కొత్త గాలిమరల స్థాపన ఈ విధంగా తగ్గింది:

* 2000లో 93 శాతం
* 2002లో 73 శాతం
* 2004లో 77 శాతం
* 2013లో 92 శాతం

వీటిలో 2013 నాటి అనుభవం విశేషమైనది. రాయితీ 2012 డిసెంబరు 31న ముగియగా, 2013 జనవరి 2న, అనగా రెండు రోజులకే, పొడిగింపు చట్టమైంది. అయినప్పటికీ 2012లో 13,000 మెగావాట్లకు పైగా ఉన్న కొత్త స్థాపన 2013లో సుమారు 1,100 మెగావాట్లకు పడిపోయింది. గాలిమరలను ఆర్డరు చేయడం, తయారుచేయడం, స్థలానికి తరలించి నిలబెట్టడం ఏడాదికి పైగా పట్టే పని. రాయితీ ఉంటుందో లేదో తెలియనందున 2012లోనే సంస్థలు మరుసటి ఏడాదికి ఆర్డర్లు ఇవ్వడం మానుకున్నాయి. కాబట్టి చట్టంలో రెండు రోజుల వ్యవధి కర్మాగారాలలో ఒక ఏడాది విరామంగా మారింది.

2013 చట్టం ఒక ముఖ్యమైన మార్పును కూడా తెచ్చింది. అంతవరకు గడువులోగా గాలిమర పనిచేయడం ప్రారంభించవలసి ఉండగా, అప్పటి నుండి గడువులోగా నిర్మాణం మొదలుపెడితే సరిపోయేది. 2015 డిసెంబరులో తొలిసారిగా దీర్ఘకాలిక ప్రణాళిక రూపొందింది. దాని ప్రకారం 2016 వరకు నిర్మాణం మొదలైన ప్రాజెక్టులకు పూర్తి రాయితీ, ఆ తరువాత ఏటా 80, 60, 40 శాతాల చొప్పున తగ్గింపు నిర్ణయించబడింది. తరువాతి చట్టాలు 2020, 2021 సంవత్సరాలకు 60 శాతం రాయితీని అనుమతించాయి.

ఉద్యోగాలపై ప్రభావం

పవన విద్యుత్తు రంగంలోని ఉద్యోగాలను మూడు రకాలుగా విభజించవచ్చు. రాయితీలోని మార్పులు ఈ మూడింటిని ఒకే విధంగా ప్రభావితం చేయవు.

తయారీ: ఒక గాలిమరలో సుమారు 8,000 విడిభాగాలు ఉంటాయి. రెక్కలు, స్తంభాలు, గేర్‌బాక్సులు తయారుచేసే కర్మాగారాలు ఆర్డర్లపై ఆధారపడి నడుస్తాయి. అందువలన రాయితీపై సందేహం కలిగినప్పుడు మొదట ఉద్యోగాలు పోయేది ఇక్కడే. గడువు ముగియడానికి మూడు నెలల ముందే, 2012 సెప్టెంబరులో, సీమెన్స్ సంస్థ అయోవా, కాన్సస్, ఫ్లోరిడా రాష్ట్రాలలో 615 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించింది.

నిర్మాణం: పునాదులు, రహదారులు, క్రేన్ల పనులు అనేకమందికి ఉపాధి కల్పిస్తాయి. కానీ ఒక పవన క్షేత్రం పూర్తికాగానే ఆ పని ముగుస్తుంది. గడువు సమీపించిన సంవత్సరాలలో ఈ ఉద్యోగాలు ఒక్కసారిగా పెరుగుతాయి.

నిర్వహణ: గాలిమరలను పర్యవేక్షించి మరమ్మతు చేసే సాంకేతిక నిపుణుల సంఖ్య తక్కువే అయినా, వారి ఉద్యోగాలు స్థిరమైనవి. ఇప్పటికే తిరుగుతున్న యంత్రాలకు పదేళ్ళ రాయితీ కొనసాగుతుంది కనుక, కొత్త చట్టాల వలన వీరికి వెంటనే నష్టం కలగదు. 2022-32 దశాబ్దంలో ఈ వృత్తి 45 శాతం పెరుగుతుందని అమెరికా కార్మిక గణాంకాల సంస్థ అంచనా వేసింది.

మొత్తం మీద 2012 చివరిలో 80,700గా ఉన్న ఈ రంగపు ఉద్యోగాలు 2013 చివరికి 50,500కు తగ్గాయని పవన విద్యుత్తు సంఘం ప్రకటించింది. 2015 దీర్ఘకాలిక ప్రణాళిక తరువాత, 2016లో, ఈ సంఖ్య తొలిసారిగా లక్షను దాటింది.

న్యూటన్ పట్టణం

అయోవా రాష్ట్రంలోని న్యూటన్ పట్టణం ఈ ఒడుదొడుకులకు ఒక నిదర్శనం. ఇక్కడ అనేక దశాబ్దాలు బట్టలుతికే యంత్రాలను తయారుచేసిన మేటాగ్ కర్మాగారం 2007లో మూతపడింది. 2008లో టీపీఐ కాంపోజిట్స్ సంస్థ గాలిమర రెక్కల కర్మాగారాన్ని ప్రారంభించింది. మేటాగ్ పాత భవనంలో గాలిమర స్తంభాల తయారీ మొదలైంది. ఉపాధి కోల్పోయిన పట్టణానికి ఇవి కొంత ఊరట కలిగించాయి. 2021 చివరిలో రెక్కల కర్మాగారం కూడా మూతపడి సుమారు 700 మంది ఉద్యోగాలు కోల్పోయారు. 2022 నాటి కొత్త చట్టం తరువాత ఇది మళ్ళీ తెరవబడింది.

విమర్శలు

ఉద్యోగాల సంఖ్యను బట్టి ఈ రాయితీని సమర్థించడంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 2013 నాటి పొడిగింపు వలన పదేళ్ళలో ఖజానాకు సుమారు 1,200 కోట్ల డాలర్ల భారం పడుతుందని కాంగ్రెసు సంయుక్త పన్నుల సంఘం అంచనా వేసింది. ఇంత వ్యయాన్ని వేరొక రంగంలో వెచ్చించినా ఉద్యోగాలు ఏర్పడేవని, ఒక చోట పెరిగిన ఉద్యోగాలలో కొన్ని మరొక చోట తగ్గినవేనని విమర్శకుల వాదన. విద్యుత్తు అవసరం లేని వేళలలో కూడా రాయితీ కోసం గాలిమరలను నడపడం వలన మార్కెట్‌లో ధరలు సున్నా కంటే కిందికి పోతున్నాయని అణు విద్యుత్ కేంద్రాలు కలిగిన ఎక్సెలాన్ సంస్థ అభ్యంతరం తెలిపింది. పొడిగింపును వ్యతిరేకించినందుకు 2012లో పవన విద్యుత్తు సంఘం ఆ సంస్థను సభ్యత్వం నుండి తొలగించింది.

అమెరికా మధ్య మైదాన రాష్ట్రాలలోని కౌంటీలపై 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, 2000-2008 మధ్య ప్రతి మెగావాట్‌కు కౌంటీలో నికరంగా సగం ఉద్యోగం చొప్పున పెరిగింది. ప్రజల వార్షిక ఆదాయం మెగావాట్‌కు సుమారు 11,000 డాలర్లు పెరిగింది. అనగా స్థానికంగా ప్రయోజనం నిజమే అయినా, అది ప్రచారంలో చెప్పినంత పెద్దది కాదు.

2022, 2025 చట్టాలు

2022 ఆగస్టు 16న అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేసిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం రాయితీని ఉపాధితో నేరుగా ముడిపెట్టింది. దీని ప్రకారం ఒక మెగావాట్ లేదా అంతకు మించిన ప్రాజెక్టులలో కార్మికులకు ఆ ప్రాంతపు ప్రామాణిక వేతనాన్ని చెల్లించి, నిర్ణీత నిష్పత్తిలో అప్రెంటిసులకు పని కల్పిస్తేనే పూర్తి రాయితీ లభిస్తుంది. లేనిచో అందులో ఐదవ వంతు మాత్రమే వస్తుంది. స్వదేశీ ఉక్కు, విడిభాగాలు వాడితే అదనపు రాయితీ ఉంటుంది. రెక్కలు, స్తంభాల తయారీదారులకు వేరొక రాయితీ కల్పించబడింది.

2025 జూలై 4న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన చట్టం ఈ కాలాన్ని కుదించింది. 2026 జూలై 4 లోగా నిర్మాణం మొదలుకాని పవన ప్రాజెక్టులు 2027 ముగిసేలోగా పనిచేయడం ప్రారంభిస్తేనే రాయితీకి అర్హత పొందుతాయి. గాలిమర విడిభాగాల తయారీ రాయితీకి కూడా 2027 చివరి గడువుగా నిర్ణయించబడింది.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో పవన విద్యుత్తుకు పన్ను ప్రోత్సాహకం వేరొక రూపంలో లభించింది. గాలిమర విలువలో 80 శాతాన్ని మొదటి ఏడాదిలోనే తరుగుదలగా చూపి పన్ను తగ్గించుకునే వీలు ఉండేది. 2012 ఏప్రిల్‌లో దీనిని ఉపసంహరించగా, 2011-12లో సుమారు 3,200 మెగావాట్లు ఉన్న కొత్త స్థాపన 2012-13లో సుమారు 1,700 మెగావాట్లకు తగ్గింది. 2014లో ఇది పునరుద్ధరించబడింది. 2017 ఏప్రిల్‌లో తరుగుదల 40 శాతానికి తగ్గనుండగా, అంతకు ముందరి ఏడాది 2016-17లో దేశంలో 5,500 మెగావాట్లు స్థాపించబడ్డాయి. వీటిలో 2,000 మెగావాట్లకు పైగా ఆంధ్ర ప్రదేశ్‌లోనివే. మరుసటి ఏడాది దేశవ్యాప్త స్థాపన 1,800 మెగావాట్ల లోపునకు పడిపోయింది. అదే సమయంలో ధరల నిర్ణయం వేలం పద్ధతికి మారడం కూడా ఇందుకు కారణం. రాయితీ రూపం వేరైనా, గడువుకు ముందు తొందర, ఆ తరువాత స్తబ్దత రెండు దేశాలలోనూ కనిపిస్తాయి.

ఇవి కూడా చూడండి

* పవన విద్యుత్తు
* గాలిమర
* పునరుత్పాదక ఇంధనం
* ఆదాయపు పన్ను