అలన్ ట్యూరింగు: బాలురకు జెప్పని భాగము

మా యింటి బాలిక అలన్ ట్యూరింగును గూర్చిన చిన్న పుస్తకమొకటి ముగించి, "ఇంతటి మేధావి నలువదియొక్క యేండ్లకే యేల మరణించెను?" అని యడిగెను. ఆ పుస్తకమున నుత్తరము లేదు. యుద్ధమున్నది, యంత్రమున్నది, అసలు మాటను మాత్రము గ్రంథకర్త మింగివేసెను.

ట్యూరింగు 1912లో లండనున జన్మించెను. తండ్రి మదరాసు రాజధానిలో సివిలుసర్వీసు ఉద్యోగి. కర్నూలు మొదలగు మండలములలో గ్రామములు దిరిగి తెలుగు గూడ నేర్చినవాడు. కుమారుడు ఇంగ్లండుననే పెరిగెను. పాఠశాలలో క్రిస్టఫర్ మోర్కమ్ అను సహాధ్యాయిపై నతనికి గాఢానురాగము గలిగెను. 1930లో ఆ మిత్రుడు క్షయచే మరణింపగా, అతని తల్లికి ట్యూరింగు చాలకాలము లేఖలు వ్రాయుచుండెను. దేహము నశించిన పిమ్మట మనస్సేమగునను చింత యా లేఖలలో గానవచ్చును.

వ్రాసియిచ్చిన ఆజ్ఞలను బట్టి యే గణనమునైనను జేయగల యొకే యంత్రమును 1936లో అతడు ఊహించెను. నేటి కంప్యూటరునకు మూలమైన భావన యదియే. జర్మనుల ఎనిగ్మా గూఢలిపిని మొదట ఛేదించినవారు పోలెండు గణితజ్ఞులు. యుద్ధకాలమున బ్లెచ్లీ పార్కులో ఆ పనిని ముందునకు గొనిపోయినవారిలో ట్యూరింగు ముఖ్యుడు.

1952లో అతని యింట దొంగలు పడిరి. తానే పోలీసులకు దెలిపెను. విచారణలో ఒక యువకునితో తనకుగల సంబంధమును దాచక చెప్పెను. 1885 నాటి చట్టము ప్రకారమది నేరము. చెరసాలకు మారుగా స్త్రీహార్మోను చికిత్స కొప్పుకొనెను. అతని యుద్ధసేవ యప్పటికి రాజ్యరహస్యము, లోకమునకు దెలియదు. 1954 జూను 7న సైనైడు విషముచే మరణించెను. ఆత్మహత్యయని విచారణాధికారి నిర్ణయించెను. తల్లి ప్రమాదమనియే నమ్మెను.

2009లో బ్రిటిషు ప్రధాని విచారము దెలిపెను. 2013లో రాణి క్షమాభిక్ష నొసగెను. క్షమాభిక్ష తప్పు చేసినవానికి గదా! మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను, వయోజనుల పరస్పరసమ్మతిగల సంబంధములకు వర్తింపదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పువరకు, అట్టి భయమే నిలిచియుండెను.

పిల్లలకీ సంగతు లేలయని కొందరు పెద్దలందురు. శకుంతలా దుష్యంతుల గాంధర్వ వివాహమును పదియేండ్ల పిల్లలకు పాఠముగా జెప్పుచున్నాము. అందు మనకు సంకోచము లేదు. ఒక పురుషుడు పురుషుని ప్రేమించెనని చెప్పుటకు రెండు వాక్యములు చాలును. దానిని దాచినచో అతని మరణము అర్థముగాదు; ఇంటిలో తన స్వభావమును బయటబెట్టలేక కుమిలెడు బాలుడొకడున్నచో, చరిత్రలో తనవంటివాడే లేడని తలచును.

నేనంతయు జెప్పితిని. బాలిక కొంతసేపాలోచించి, "దొంగలు పడినది అతని యింటగదా, శిక్ష అతనికేల?" అనెను. ఆ 1885 నాటి చట్టమును మరల మొదటినుండి వివరింపవలసివచ్చెను.