చెయ్యి ఆనించి రాయాలి

ఆరో తరగతిలో మన తెలుగు మాస్టారు చేతిరాత దిద్దిస్తూ, "చెయ్యి గాల్లో ఉంటే అక్షరం కుదరదురా, కాగితం మీద ఆనించు" అనేవారు. ఇంజనీరునయ్యాక తెలిసింది, కంప్యూటరు పలకల చరిత్ర కూడా ఆ మాట చుట్టూనే తిరిగిందని.

కలంతో రాసే రాండ్ టాబ్లెట్ అమెరికాలో 1964లో వచ్చింది. పలకలోని సన్నని రాగి తీగల వలలో పారే సంకేతాలను కలం అందుకుంటే, అది ఎక్కడుందో కంప్యూటరుకు తెలిసేది. మరుసటి ఏడాదే ఇంగ్లండులో ఇ.ఎ. జాన్సన్ వేలితో తాకే తెరను ప్రతిపాదించారు.

2002 నాటి టాబ్లెట్ పీసీల్లో చాలావాటికి కలమే తెలుసు, వేలు తెలియదు. అందుకే చెయ్యి నిశ్చింతగా ఆనించి రాసేవాళ్లం. 2010లో ఐప్యాడ్ వేలికి పట్టం కట్టింది. ఒంటి విద్యుత్ వాహకతే ఆ తెరకు ఆధారం. దానికి వేలూ, అరచెయ్యీ ఒకటే. అరచెయ్యి ఆనితే పిచ్చిగీతలు పడేవి. రబ్బరు మొన కలంతో, చెయ్యి గాల్లో ఉంచి రాస్తే నా గుడులు, వత్తులు చెదిరిపోయాయి.

ఇప్పుడు రెండూ ఒకే పలకలో ఇమిడాయి. కలం దగ్గరకు రాగానే తెర అరచేతిని పట్టించుకోదు. మొన్న అలా చెయ్యి ఆనించి మాస్టారి పేరు రాశాను. అక్షరం కుదిరింది. ఆయనకు చూపించే భాగ్యం లేదు. ఈ స్వర్ణోత్సవ సంచిక ద్వారా నమస్కరిస్తున్నాను.