మంటనక్కకు ముందు సూత్రధారుడు

సంస్కృత నాటకములో నాయకుని కంటె ముందు రంగము మీదికి వచ్చేవాడు సూత్రధారుడు. ప్రస్తావన ముగించి నిష్క్రమిస్తాడు; ఆపైన అతడు ఎవరికీ గుర్తుండడు. లినక్సులో తెలుగు చదువుకొన్న తొలినాళ్ళకు అటువంటి సూత్రధారుడొకడు ఉండెను. మూడు పంక్తుల షెల్ స్క్రిప్టు.

యూనికోడులో తెలుగుకు 1991లోనే స్థానము దొరికినది. కాని సంకేతము వేరు, రూపము వేరు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరము. యంత్రమునకు ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. వీటిని కూర్చి, తకారమును వత్తుగా దింపి, క్రారావడి చుట్టే పని లినక్సులో ‘పాంగో’ది. సమస్తమని అర్థమిచ్చే గ్రీకు ‘పాన్’కు, భాష అని అర్థమిచ్చే జపనీయ ‘గో’ను అతికించిన పేరది. వైరిసమాసమని మనవారు కోప్పడతారేమో!

2005–2007 నాళ్ళలో కొన్ని లినక్సు పంపిణీలు ఫైర్‌ఫాక్సును, అనగా మన మంటనక్కను, పాంగోతో కలిపి ఇచ్చినా అది ఎల్లప్పుడూ మేలుకొని ఉండేది కాదు. దాని వలన పుటలు నెమ్మదిస్తాయని లాటిన్ లిపి చాలినవారి ఫిర్యాదు. ‘మోజ్_ఎనేబుల్_పాంగో’ అనే చరరాశికి ఒకటి విలువ ఇస్తే వత్తులు కుదిరేవి. లేకుంటే ముక్కలు ముక్కలు. మా పరకాల పేరులో వత్తు లేదు గనుక కొంత నయము; హన్మకొండ అని వ్రాస్తే తెలిసేది. వ్రాసినవారి తెలుగు శుద్ధముగానే ఉన్నది, చదివేవారికి మాత్రము అన్నీ అక్షరదోషములే. ఏళ్ళ తరబడి ఎర్రసిరాతో వత్తులు దిద్దిన చేతికి ఇది చిన్న బాధ కాదు.

అందుకని ‘ఫైర్‌ఫాక్స్’ అనే పేరుతోనే ఒక స్క్రిప్టు వ్రాసి, అసలుదాని కంటె ముందు దొరికే చోట ఉంచేవారు. మొదటి పంక్తి ఏ షెల్ చదవవలెనో చెప్పును. రెండవది పాంగోను మేల్కొలుపును. మూడవది ‘ఎగ్జెక్’ ఆదేశముతో అసలు విహారిణిని పిలుచును. ఎగ్జెక్ గొప్పతనమేమనగా, షెల్ తన స్థానమునే విహారిణికి అప్పగించి మాయమగును. సూత్రధారుని నిష్క్రమణ అదే! ఆ పంక్తి చివర కొటేషన్ గుర్తుల నడుమ డాలరు, ఎట్ గుర్తులు మరువరాదు. మరిస్తే ఉత్తరములోని లంకె నొక్కినా ఆ పుట రాదు. మెనూలోని లాంచరు అసలు ఫైలునే పూర్తి దారితో పిలిస్తే సూత్రధారునికి పిలుపే అందదు. టెర్మినల్ నుండి తెరిస్తే కుదిరిన తెలుగు మెనూ నుండి తెరిస్తే చెడుటకు చాలాసార్లు ఇదే కారణము.

2008 జూన్ 17న వెలువడిన ఫైర్‌ఫాక్స్ 3 నుండి పాంగో ముందే మేలుకొని ఉండసాగినది. తరువాత ఆ పని హార్ఫ్‌బజ్ చేతికి వెళ్ళినది. ఈసారి పారసీ పేరు. ఫెడోరా వారి స్క్రిప్టులో మాత్రము, ఆ పాత చరరాశితో ఇక పని లేదని తెలిపే వ్యాఖ్య ఒకటి చాలాకాలము మిగిలి ఉండెను.