నిమ్మలకుంట తోలుబొమ్మలు: మ్యూజియము నిలిపినది, విడిచినది

తోలుబొమ్మలాటను గూర్చి సాహిత్యచరిత్రలలో చదువు విద్యార్థి దానిని గతించిన కళగా భావించుట పరిపాటి. ఆ బొమ్మలను మ్యూజియములో చూచినపుడు ఆ భావము మఱింత దృఢపడును. కాని బొమ్మను గీసి, తొలిచి, రంగు వేయువారు అనంతపురపు మెట్టసీమలో నేటికిని కలరు. ధర్మవరము మండలమందలి నిమ్మలకుంట వారి గ్రామము. 2022 నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. జీవించియున్న దేశికళను మ్యూజియము స్వీకరించినపుడు దేనిని నిలిపినది, దేనిని విడిచినది అనునదియే ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము.

ఈ కళ ప్రాచీనతకు సాహిత్యమున సాక్ష్యము కలదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున, శ్రీశైలమందలి శివరాత్రి వేడుకలను వర్ణించుచు, తెరచాటు బొమ్మలాటను పేర్కొనెను. నిమ్మలకుంట బొమ్మలాటవారు ఆరె మరాఠీ కుటుంబములవారు. ఇంట మరాఠీ మాటాడుదురు. తెర వెనుక తెలుగు పాడుదురు. వారి రామాయణమునకు ఆధారము గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణము. ద్విపద పండితుల యిండ్లలోకంటె వీరి కంఠములలోనే ఎక్కువకాలము పాటగా నిలిచెనని మా యభిప్రాయము. కావున ఒక కళను దేశి యనునపుడు కళాకారుని పూర్వులు ఎచటినుండి వచ్చిరని కాక, ఆ కళ ఎవరి యెదుట, ఏ భాషలో, ఏ యవసరమునకు నడచినదని అడుగవలెను.

ఆ యవసరము ఈ సీమలో మిక్కిలి స్పష్టము. ఇచటి సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనములు, తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనములు ఈ నేలను చేరునప్పటికి చిక్కిపోవును. విరాటపర్వము ఆడించినచో వానలు కురియునని తెలుగు పల్లెల నమ్మకము. కఱవు వచ్చినచో బొమ్మలాటవానికి ధాన్యము పెట్టువారుండరు. ఆ కఱవులోనే అతనిని పిలువవలసిన పనియు నుండెను. ఈ యాట గ్రామమునకు వినోదము మాత్రమే కాదు, వానకై చేయు ప్రార్థన.

ఇక బొమ్మ నిర్మాణము. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకివేసి, బిగలాగి ఆరబెట్టగా అది వెలుగును పోనిచ్చునంత పలుచనగును. దానిపై రూపము గీసి, ఉలులతో నగలకును వస్త్రముల అంచులకును రంధ్రములు తొలిచి, ఇరువైపుల రంగులు వేయుదురు. భుజములు మొదలగు చోట్ల కీళ్లు కూర్చి, వెదురుబద్దకు కట్టుదురు. నర్తకి బొమ్మకు కీళ్లెక్కువ. పూర్వము ఆముదపు దీపములు, తరువాత విద్యుద్దీపములు తెర వెనుక వెలిగెను. ఇవి నల్లని నీడలు కావు; వెలుగు తోలుగుండా వచ్చునపుడు రంగులు తెరపై పండును. కనుక ఈ బొమ్మకు వెలుగు వెనుకనుండి రావలయును.

సినిమా, పిదప టెలివిజను పల్లెలకు వచ్చి ఆటలు తగ్గిన కాలముననే సేకరణలు పెరిగినవి. అఖిల భారత హస్తకళా మండలి 1952లో ఏర్పడెను; ఢిల్లీలోని హస్తకళల మ్యూజియము 1956లో ఆరంభమయ్యెను. బెంగుళూరులో చిత్రకళా పరిషత్తును నెలకొల్పిన ఎం. ఎస్. నంజుండరావు కర్ణాటకమందలి తోలుబొమ్మలను సేకరించి భద్రపఱచెను. జర్మను పండితుడు ఫ్రీడ్రిఖ్ సెల్ట్‌మన్ మైసూరు, ఆంధ్రదేశముల ఛాయానాటకమును గూర్చి 1971లో వ్యాసము ప్రకటించెను. ఈ మేలును తక్కువగా చూడరాదు. శిథిలమైన బొమ్మను నీట విడుచుట దక్షిణదేశపు బొమ్మలాటవారి ఆచారము. మ్యూజియము చేపట్టకున్నచో పాతబొమ్మలలో అనేకములు నేడు మనకు కానరాకపోయెడివి.

అయినను నష్టము కలదు. తోలును రంగులును వెలుగునకు చెడును గనుక, ఇట్టి వస్తువులపై 50 లక్సులకు మించిన వెలుగు పడనీయరాదని సంరక్షకుల నియమము. వెలుగుకై పుట్టిన బొమ్మను వెలుగునుండియే కాపాడవలసివచ్చినది! లేపాక్షి వీరభద్రాలయ చిత్రములను దీనితో పోల్చి చూడవలెను. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) కప్పుపై వ్రాయబడిన ఆ చిత్రములు నేటికిని ఆ కప్పుననే యున్నవి. తెరకై పుట్టిన బొమ్మ మాత్రము తెరను విడిచి గోడ కెక్కినది. ఒక మ్యూజియములో మేము చూచిన రావణుని బొమ్మక్రింద "తోలుబొమ్మ, ఆంధ్రప్రదేశ్" అని మాత్రమే యుండెను. చేసినవారి పేరు లేదు. ఏ మేళము దానిని ఆడించినదో, ఏ ఘట్టమున ఆడించినదో లేదు.

సజీవులగు కళాకారులను పేరుతో గౌరవించు ప్రయత్నములు తరువాత జరిగినవి. భోపాలులో 1982లో ప్రారంభమైన భారత్ భవన్ ఆదివాసి చిత్రములను ఆధునిక చిత్రములతో సమముగా నిలిపెను. 1998లో జ్యోతీంద్ర జైన్ ఢిల్లీ హస్తకళల మ్యూజియమున ఐదుగురు జానపద, ఆదివాసి కళాకారులను పేరుపేరున ప్రదర్శించెను. వారిలో నొకడైన గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 2001లో జపానునందలి మిథిలా మ్యూజియములో పనిచేయుచుండగా ఆత్మహత్య చేసికొనెను. పేరు దక్కినంతనే కళాకారుని బ్రతుకు భద్రము కాదని ఆ మరణము తెలుపుచున్నది. మన తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించెను. నిమ్మలకుంట కళాకారులగు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చెను.

నేడు ఆ గ్రామమునకు జీవనాధారము దీపపు గొడుగులు, గోడపటములు. ఇది కళకు పతనమని పండితులు కొందఱు ఈసడింతురు. మేము అట్లు తలపము. దీపపు గొడుగులో వెలుగు వెనుకనుండియే వచ్చును. మ్యూజియము విడిచిన ధర్మమును బజారు వస్తువు నిలిపినది. అయితే దానికి కథ లేదు, గొంతు లేదు. ఒకచోట రూపము, ఒకచోట వెలుగు, వృద్ధుల జ్ఞాపకమున పాట: ఇట్లు ఒక కళ మూడుగా చీలియున్నది.

ఈ దోషమున తెలుగు శాఖలకును భాగము కలదు. మనము బొమ్మలాటలోని ద్విపదను కొనియాడితిమి. జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యమును అశ్లీలమని ప్రక్కకు నెట్టితిమి. ఆనాటి గ్రామమును, ఆనాటి పెద్దలను వేళాకోళము చేయు స్వేచ్ఛ ఆ పాత్రలకే యుండెను. ఆ మాటలు వ్రాతలో నిలువలేదు. ఏ అద్దపుపెట్టెలోను ఇముడవు. కావున మ్యూజియము బొమ్మతోపాటు చేసినవారి పేరును, మేళమును, ఘట్టమును నమోదు చేయవలెను. బొమ్మలాటవారినే వ్యాఖ్యాతలుగ పిలిచి తగిన వేతన మీయవలెను. పరిశోధక విద్యార్థులు నిమ్మలకుంటకు పోయి, పాటతోపాటు హాస్యమును సయితము ధ్వనిముద్రణ చేయవలెను. పాతబొమ్మను చూచి క్రొత్తబొమ్మ చేయవచ్చును. వినకుండ పోయిన గొంతును మఱల తేజాలము.